వెనకున్నవాడి వేగం

పోలండ్ ఆగ్నేయ మూలన, స్లొవేకియా, ఉక్రెయిన్ సరిహద్దులు కలిసే చోట బ్యెష్‌చాడి అనే కొండలున్నాయి. ఏటా వేసవి మొదట్లో అక్కడ ‘బ్యెగ్ జెజ్నికా’ అనే పరుగు పందెం జరుగుతుంది. మన మాటల్లో కసాయి పరుగు. 2004లో మొదలైంది. దూరం 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, గడువు 16 గంటలు, దారంతా కొండలూ అడవులూ. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో, ఇంకా చీకటి ఉండగానే, నుదుటికి లైట్లు కట్టుకుని బయల్దేరతారు. ఇలాంటి కొండ పందేలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. దీన్ని వేరుగా నిలబెట్టేది ఒకే ఒక్క నిబంధన: ఒంటరిగా పరిగెత్తడానికి వీల్లేదు. ఇద్దరు కలిసి పేర్లు ఇవ్వాలి, దారి పొడవునా కలిసే ఉండాలి, కలిసే ముగించాలి.

ఆ ఒక్క నిబంధన వల్ల పందెం స్వభావమే మారిపోతుంది. మీరు ఎంత బలంగా పరిగెత్తగలరన్నది సగం ప్రశ్నే. మీ పక్కనున్న మనిషి అలసిపోయినప్పుడు మీరు ఎలాంటి మనిషిగా మారతారన్నది మిగతా సగం. మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలామటుకు మొదటి సగం గురించే రాస్తాయి. నీ లక్ష్యం, నీ సమయం, నీ గెలుపు అంటాయి. పక్కవాడు వాటిలో కనిపిస్తే మిమ్మల్ని వెనక్కి లాగేవాడిగానో, దాటిపోవాల్సినవాడిగానో కనిపిస్తాడు. కానీ పెళ్లి, పిల్లల పెంపకం, ఆఫీసులో టీము, ముసలితనంలోకి వస్తున్న అమ్మానాన్నలు, వీటిలో ఒక్కటైనా ఒంటరి పందెం ఉందా?

ముందు ఆ అడవి గురించి చెప్పాలి. అది బీచ్ చెట్ల అడవి. బీచ్ అంటే విశాఖలో సాయంత్రం షికారుకు వెళ్లేది కాదు, యూరప్‌లో పెరిగే మహావృక్షం. బూడిదరంగు బెరడు, ముసలి చెట్టుకైనా పెద్దగా పగుళ్లు లేకుండా నున్నగా ఉంటుంది. మంచుయుగం ముగిశాక ఈ చెట్టు దక్షిణాన మిగిలిన కొద్దిపాటి చోట్ల నుంచి బయల్దేరి, కొన్ని వేల ఏళ్లలో ఖండంలో చాలా భాగం ఆక్రమించింది. మనుషుల గొడ్డలికి పెద్దగా చిక్కని బీచ్ అడవులు ఇప్పుడు అక్కడక్కడా మాత్రమే మిగిలాయి. 2007లో స్లొవేకియా, ఉక్రెయిన్‌లలోని అలాంటి అడవులను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాత ఆ జాబితా 18 దేశాలకు విస్తరించింది. బ్యెష్‌చాడి జాతీయ వనంలోని కొన్ని భాగాలు 2021లో చేరాయి. పందెం దారి ఏటా కొంత మారుతుంటుంది గానీ, దానికి పేరు తెచ్చిన పాత దారి కొమాంచా ఊళ్లో మొదలై, చిస్నా మీదుగా వెళ్లి, ఆ వారసత్వ అడవుల మధ్య నుంచి స్మెరెక్ కొండ ఎక్కి, ఉస్త్షికి గూర్నెలో దిగేది.

ఈ అడవిలో మనిషిని మోసం చేసేది నేల. పైన కొమ్మలు కమ్ముకుని వెలుగును దాదాపు అంతా మింగేస్తాయి కాబట్టి కింద పొదలు పెద్దగా పెరగవు. కంటికి బోలెడంత దూరం కనిపిస్తుంది, కాలి కింద ఏముందో మాత్రం కనిపించదు. రాలిన బీచ్ ఆకు తొందరగా కుళ్లదు. నిరుటి ఆకు మీద ఈ ఏటి ఆకు పడి రాగిరంగు మేటలా ఉంటుంది. దాని కింద పైపైనే పాకిన వేళ్లు, మొనదేలిన రాళ్లు దాక్కుని ఉంటాయి. ఈ కొండలు ఇసుకరాయి, షేల్ పొరలతో ఏర్పడ్డవి, వాన పడితే బంకమన్ను బూటును పట్టుకుని వదలదు. అలవాటైన వాళ్లు అడుగులు చిన్నవిగా, గబగబా వేస్తారు. చూపు కాలి దగ్గర కాకుండా నాలుగైదు అడుగుల ముందు ఉంచుతారు. కాలు ఎక్కడ పడాలో కన్ను ముందే తేల్చుకుంటుంది, పడ్డాక ఆలోచించే వ్యవధి ఉండదు.

కొత్తగా వచ్చినవాణ్ని గుర్తుపట్టడం తేలిక. మొదటి నిట్రమైన ఎత్తులో పరిగెడుతుంటాడు. ఏళ్లుగా ఈ కొండల్లో తిరిగినవాళ్లు అక్కడ చేతులు తొడల మీద ఆనించి నడుస్తుంటారు. దీనికి కారణం తెలిసిందే. వాలు ఒక మేర దాటాక అదే వేగానికి పరుగు కంటే నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుంది. ఈ లెక్క బుర్రకు ఎక్కినంత తేలిగ్గా మనసుకు ఎక్కదు. వెనకనుంచి ఎవరో దాటిపోతున్నప్పుడు నడుస్తూనే ఉండటానికి కావలసిన బలం ఏ జిమ్‌లోనూ రాదు. మొదటి 20 కిలోమీటర్లలో పౌరుషానికి పోయినవాళ్లకు దాని వడ్డీ మధ్యాహ్నానికి గానీ తెలియదు.

ఒంటరివాడైతే ఆ వడ్డీ తానే కట్టుకుంటాడు. ఇక్కడ ఇద్దరున్నారు. ఇద్దరి కాళ్లు ఒకేలా ఉండవు, ఇద్దరి కడుపులు అసలే ఒకేలా ఉండవు. ఇలాంటి దూరాల్లో కాళ్ల కంటే ముందు చేతులెత్తేసేది తరచూ కడుపే. తిన్నది ఇమడదు, తినకపోతే నడవలేరు. అప్పుడు ఒకరు మెల్లగా మౌనంలోకి జారుకుంటారు. రెండోవాళ్లు పది అడుగులు ముందుకు వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, నిలబడతారు. ఆ నిలబడటంలో రెండు రకాలున్నాయి. నడుం మీద చేతులు పెట్టుకుని, వాచీ చూసుకుంటూ నిలబడటం ఒకటి. సీసా మూత తీసి పట్టుకుని నిలబడటం ఇంకొకటి. ఇద్దరూ ఒక్క మాటా అనరు. వెనకనుంచి వచ్చేవాడికి మాత్రం తేడా దూరం నుంచే తెలిసిపోతుంది.

బాగా నడిచే జంటల దగ్గర నేర్చుకోవాల్సింది వేగం కాదు, నిజం చెప్పే వేళ. ‘నాకు బాగాలేదు’ అన్న మాట ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయాక చెబితే ఎదుటివాళ్లు చేయగలిగింది పెద్దగా ఉండదు. మొదటి వికారం మొదలైనప్పుడే చెబితే పావుగంట నడిచి, రెండు గుక్కలు తాగి, సర్దుకోవచ్చు. ఇది చెప్పుకున్నంత సులువు కాదు. మనలో చాలామంది ‘ఏం ఫరవాలేదు’ అనడాన్ని మర్యాద అనుకుంటూ పెరిగినవాళ్లం. భార్యకు చెప్పం, మేనేజరుకు చెప్పం, డాక్టరు దగ్గర కూడా సగమే చెబుతాం. అవతలివాళ్ల ప్రణాళిక మన నిజం మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఆ మర్యాద కాస్తా మోసం అవుతుంది. బలంగా ఉన్నవాడి పని కూడా తక్కువేం కాదు. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగానే ఉంది’ అనే జవాబు వస్తుంది. ‘ఆఖరిసారి ఎప్పుడు తిన్నావు’ అని అడిగితే జవాబు దాచడం కష్టం. నాన్నగారి షుగరు గురించి ఫోన్లో అడిగేటప్పుడు కూడా ఈ రెండో రకం ప్రశ్నే పనికొస్తుంది.

ఎవరు ముందు నడవాలన్న చర్చ ఇలాంటి జంటల్లో ఎప్పుడూ ఉండేదే. బలవంతుడు ముందుంటే రెండోవాణ్ని లాక్కెళ్తాడని కొందరి వాదన. నాకైతే ఎత్తు ఎక్కేటప్పుడు నెమ్మదిగా ఉన్నవాళ్లే ముందుండాలి అనిపిస్తుంది. వెనక నడిచేవాడికి ఎప్పుడూ తాను బరువైపోయానన్న భావమే. ముందుంచితే అదే మనిషి దారి చూపించేవాడవుతాడు. జట్టు వేగం ఎలాగూ అతని వేగమే, ఆ సంగతి ఒప్పుకుని అతని చేతికే ఇస్తే పోలా?

బీచ్ చెట్టు గురించి ఇంకొక్క విషయం చెప్పకుండా ఉండలేను. దీని మొక్క చాలా తక్కువ వెలుగులో బతకగలదు. పెద్ద చెట్ల నీడలో దశాబ్దాల పాటు బారెడు ఎత్తు కూడా దాటకుండా ఉండిపోతుంది. గాలికి ఏ ముసలి చెట్టో కూలి ఆకాశంలో సందు ఏర్పడితే అప్పుడు లేస్తుంది. కాండంలోంచి సన్నని నమూనా తీసి చూస్తే ఈ చరిత్రంతా కనిపిస్తుంది: నీడలో గడిపిన కాలంలో వలయాలు కంటికి ఆననంత సన్నగా, వెలుగు దొరికాక వెడల్పుగా ఉంటాయి. దక్షిణ ఇటలీలోని పొల్లీనో కొండల్లో 600 ఏళ్లు దాటిన బీచ్ చెట్లను ఇలాగే లెక్కించి గుర్తించారు. నిదానంగా పెరగడానికీ దీర్ఘాయుష్షుకీ సంబంధం ఉందని అడవులను చదివినవాళ్లు అంటారు. చెట్టుకు ఓపిక ఉందనడం మన కవిత్వం, దానికి వేరే దారి లేదంతే. మనకు దారులున్నాయి. అందుకే పదహారేళ్లకే ర్యాంకు, ఇరవై రెండుకే ప్యాకేజీ అని పిల్లల్ని తరిమే ఇళ్లలో ఈ సన్నని వలయాల సంగతి ఒకసారి చెప్పుకోవాలనిపిస్తుంది. ఎదుగుదల బయటికి కనిపించని ఏళ్లను వృథా ఖాతాలో రాయడం మనకు మరీ అలవాటైపోయింది.

స్మెరెక్ ఎక్కుతుంటే చెట్లు పొట్టివవుతూ వస్తాయి. చాలా పర్వతాల్లో ఈ ఎత్తున స్ప్రూస్ వంటి సూదాకు చెట్లు ఉంటాయి, బ్యెష్‌చాడిలో మాత్రం చివరిదాకా బీచే. గాలికీ మంచుకీ వంగి, మెలితిరిగి, మనిషెత్తుకు దిగిపోతుంది. దాన్ని దాటగానే ఒక్కసారిగా ఆకాశం. గట్టు పొడవునా పచ్చిక. పూర్వం గొర్రెల్నీ పశువుల్నీ తోలుకొచ్చి మేపిన కొండలివి. దిగువ లోయలో బెరెహి గూర్నె అనే ఊరుండేది. 1947లో ఇక్కడి ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు, ఇప్పుడు మిగిలింది శ్మశానం మాత్రమే. పాత దారి దాని పక్కనుంచే పోయేది. అంత అలసటలో ఎందరు తల తిప్పి చూశారో. చూడాలనే నా కోరిక.

తర్వాత ఆఖరి ఎత్తు, త్సరిన్స్కా గట్టు, 1297 మీటర్లు. ఆ పైనుంచి దిగుడు. ఇక్కడే లెక్కలు తారుమారవుతాయి. ఎక్కేటప్పుడు ఊపిరి రాజు, దిగేటప్పుడు తొడలు. దిగుతున్న ప్రతి అడుగులోనూ తొడ కండరం సాగుతూనే శరీరం బరువును ఆపాలి. పొద్దుటినుంచి దుమికి దిగినవాడి కండరాలు ఈపాటికి నలిగిపోయి ఉంటాయి. నిదానంగా దిగుతూ వచ్చినవాడి కాళ్లలో ఇంకా సత్తువ ఉంటుంది. అలా రోజంతా వెనకబడ్డ మనిషి చివరి దిగుడులో అడుగు తడబడకుండా సాగిపోవడం, పొద్దుటినుంచి వాచీ చూసుకున్న మనిషి ఒక్కో రాయినీ పట్టుకుని దిగడం అరుదేమీ కాదు. ‘కాస్త ఆగు’ అని అడగాల్సిన వంతు ఇప్పుడు అతనిది. పొద్దుటినుంచి ఆ మాట అనాల్సిన అవసరం రానందువల్ల, అది అతని నోటికి అంత తేలిగ్గా రాదు.