ఆరబెట్టడం కూడా ఆటే

సికింద్రాబాద్‌లో ఉంటూ తెల్లారగానే ట్రెడ్‌మిల్ ఎక్కేవారికి ఒక మాట: ఆ వ్యాయామమేదో పడవలో తెడ్డు వేస్తూ చేయొచ్చు. పక్కనే హుస్సేన్‌సాగర్ ఉంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో కట్టిన చెరువు. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ పడవలు తిరిగేది అందులోనే. తెరచాప వాళ్లకు జులై గాలులంటే పండగ. తెడ్డు వేసేవాళ్లకు మాత్రం గాలి లేవని పొద్దు కావాలి. కాబట్టి పెందలాడే లేవక తప్పదు. ఇది అందరూ చెప్పేదే, వదిలేద్దాం.

అసలు విశేషం కూర్చోవడంలో ఉంది. రెండు తెడ్లు వేసే మనిషి వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. మాటిమాటికీ మెడ తిప్పితే పడవ వంకర పోతుంది. తెలిసినవాళ్లు వదిలొచ్చిన ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుంటారు. సంజీవయ్య పార్కు వైపు నుంచి బయల్దేరితే 291 అడుగుల జెండా స్తంభం ఒకటి, దాని ముందున్న ఏదో ఒక చెట్టు ఇంకొకటి. రెండూ ఒకే వరుసలో కనిపించినంతసేపూ దారి తిన్నగా ఉన్నట్టే. విడిపోతే ఒకవైపు తెడ్డు కాస్త గట్టిగా లాగాలి. గమ్యం మీంచి కళ్లు తిప్పొద్దనే వక్తలు ఒక్కసారి ఈ పడవెక్కితే బాగుండు! అయితే నడుమ నడుమ భుజం మీదుగా ఓ చూపు వేయండి, మోటారు బోటు ఎదురు రావచ్చు.

లాగేది చేతులతో అనుకుంటే త్వరగా అలసిపోతారు. పాదాలను పడవలోని అడ్డపట్టెకు తన్ని, వీపుతో లాగాలి.

ఒడ్డుకు చేరాక చాలామంది జారుకుంటారు. నా లెక్కలో మనిషి తెలిసేది అక్కడే. చెక్క పడవకు శత్రువు అడుగున నిలిచిన వాన నీరు. ఉప్పునీటికి కొంత ఓర్చుకునే చెక్క మంచినీటికి త్వరగా కుళ్లిపోతుంది. నీళ్లు తోడి, కడిగి, తుడిచి, దుంగల మీద నీడలో బోర్లించాలి. టార్పాలిన్ బిగించి కట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, గాలి ఆడనివ్వాలి. తెడ్లను గోడకు ఏటవాలుగా చేరేస్తే వంగుతాయి. వార్నిష్ లేచినచోట ఆ వారమే గీకి పూత వేయాలి.

మన ఏప్రిల్, మే ఎండలకు పలకలు కుంచించుకుని సందులు పడతాయి. నీళ్లలోకి దించగానే కారుతుంది. కంగారుపడి గట్టి లప్పం కూరకండి. చెక్క నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. మధ్యలో లప్పం బిగుసుకుని ఉంటే పలకలు ఒకదాన్నొకటి తోసుకుని చీలతాయి. లోతు తక్కువ నీళ్లలో తాడుతో కట్టి, ఒకట్రెండు రోజులు నాననివ్వండి. చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పటికీ కారితే వడ్రంగిని పిలవండి. (ఫైబర్ పడవకు ఈ బెడద లేదు, ఈ ఓపికా అలవడదు.)

ఒంటరిగా చెరువులో దిగకండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి. పడవలు నడిపే క్లబ్బుకు వెళ్లి, మొదటిరోజు తెడ్డు కంటే ముందు తుడిచే గుడ్డ అడగండి.