ఫ్యాను తినే కరెంటు

పెద్దవాళ్లతో చెప్పి, ఇంట్లో దీపాలు, టీవీ, ఫ్రిజ్ అన్నీ పది నిమిషాలు ఆపివేయండి. ఒక్క సీలింగు ఫ్యానును మాత్రం పూర్తి వేగంతో తిరగనివ్వండి. ఇప్పుడు గడియారం తీసుకొని మీటరు దగ్గర నిలబడండి. దానిమీద ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. పక్కన 3200 అనే అంకె ఉన్నదా? (కొన్ని మీటర్లమీద వేరే అంకె ఉంటుంది.) ఆ దీపం అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయిందన్నమాట. పది నిమిషాలలో 40 సార్లు మెరిసిందనుకొందాం. గంటకు 240. దానిని 3200తో భాగిస్తే 0.075 యూనిట్. అంటే మీ ఫ్యాను 75 వాట్లు తీసుకొంటోంది. పాతరకం ఫ్యాన్లు ఇంచుమించు ఇంతే.

అదే గాలిని 30 వాట్లతో ఇచ్చే ఫ్యాన్లు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. మరి తక్కిన 45 వాట్లు ఏమవుతున్నట్లు? సీలింగు ఫ్యానులో తీగచుట్టలు నడుమ కదలకుండా ఉంటాయి, బయటి డొప్ప తిరుగుతుంది. పాతరకంలో ఆ డొప్పలో అయస్కాంతం ఉండదు. చుట్టల ప్రభావంతో అందులో కరెంటు పుట్టి, దానివల్ల అయస్కాంతత్వం వస్తుంది. ఈ తతంగంలో చాలా శక్తి వేడిగా పోతుంది. కొత్తరకంలో శాశ్వత అయస్కాంతాలే బిగిస్తారు. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు పంపాలో ఒక ఎలక్ట్రానిక్ సర్క్యూట్ చూసుకొంటుంది.

45 వాట్లు ఎంతని తీసిపారేయకండి. రోజుకు 14 గంటల చొప్పున 300 రోజులకు 189 యూనిట్లు! మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గునుంచే వస్తోంది. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. ఆ వేడిలో కరెంటుగా మారేది మూడోవంతుకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి ఒక్క ఫ్యాను మారిస్తే ఏడాదికి 130 కిలోల బొగ్గు మిగులుతుంది. అది మండితే వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమినుంచి పోవలసిన వేడిని పట్టి ఉంచుతుంది. ఎండలు ముదురుతాయి. ఫ్యాన్లు ఇంకా ఎక్కువసేపు తిరుగుతాయి!

మే నెలలో రెంటచింతలవారికి ఫ్యాను మానుకోమని ఎవరు చెప్పగలరు? మానుకోకుండానే శక్తిని మిగల్చడం ఎలాగన్నదే మనలాంటి దేశం ప్రశ్న. బల్బుల విషయంలో ఇది సాధ్యమయింది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద ప్రభుత్వ సంస్థ ఎల్.ఇ.డి. బల్బులను కోట్లలో కొనడంతో వాటి ధర బాగా పడిపోయింది. 2023నుంచి సీలింగు ఫ్యాన్లమీద కూడా నక్షత్రాల చీటీ తప్పనిసరి అయింది. కాని 30 వాట్ల ఫ్యాను ధర పాతదానికంటె ఎక్కువే. పైగా అద్దె ఇళ్లలో ఒక చిక్కున్నది: ఫ్యాను కొనేది ఇంటివారు, బిల్లు కట్టేది అద్దెకున్నవారు. 189 యూనిట్లను మీ బిల్లులోని రేటుతో హెచ్చించి, కొత్త ఫ్యాను డబ్బు ఎన్నేళ్లలో తిరిగివస్తుందో లెక్కకట్టండి.