ఎవరిని, ఎప్పుడు, ఏ బరువులో?
బాక్సింగ్: సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ. మా హీరో కొట్టినవాళ్లు మొనగాళ్లు, మీ హీరో కొట్టినవాళ్లు డమ్మీలు! ఈ వాదన ఏ దేశంలోనైనా ఉన్నదే. కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ఫ్లాయిడ్ మేవెదర్ 50 బౌట్లలో ఒక్కటీ ఓడలేదు. మా తమ్ముడు మాత్రం మ్యానీ పకియావోనే గొప్ప అంటాడు. మేవెదర్ ఏరికోరి అరిగిపోయినవాళ్లతో ఆడాడని వాడి వాదన. ఏది నిజం?
– ఓ పాఠకుడు, విజయవాడ

మీ ఇద్దరి తగువు తీర్చడానికి మంచి ఆధారం ఉంది. ఆస్కార్ డి లా హోయా, రికీ హాటన్, మిగెల్ కోటో, షేన్ మోస్లీ, హువాన్ మాన్యుయెల్ మార్క్వెజ్. ఈ ఐదుగురితోనూ ఇద్దరూ ఆడారు, ఐదుగురినీ ఇద్దరూ ఓడించారు. పేర్లు మాత్రమే చూస్తే సరికి సరి. పేరు పక్కన తేదీ, బరువు రాసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది.

డి లా హోయాతో మేవెదర్ 2007 మేలో, 154 పౌండ్ల విభాగంలో ఆడాడు. డి లా హోయా అప్పుడు ఆ బరువులో ఛాంపియన్. మేవెదర్ గెలిచింది స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఒకరు డి లా హోయా వైపే మొగ్గారు. ఏడాదిన్నర తర్వాత పకియావో అతనితో ఆడింది 147 పౌండ్ల విభాగంలో. 2001 తర్వాత డి లా హోయా ఆ బరువుకు దిగనే లేదు. తూకానికి ఇంకా రెండు పౌండ్లు తగ్గి, 145తో వచ్చాడు. కాళ్లు కదలలేదు, జాబ్ పడలేదు, ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఎనిమిదో రౌండ్ అయ్యాక స్టూలు మీది నుంచి లేవలేదు. ఆ తర్వాత మళ్లీ బరిలోకి రాలేదు. పకియావో ఆట ఆ రాత్రి అద్భుతం, అందులో అనుమానం లేదు. ప్రత్యర్థి నాణ్యత మాత్రం మేవెదర్ ఖాతాలోనే ఎక్కువ.

హాటన్ దగ్గర తీర్పు అంత తేలిక కాదు. 2007 డిసెంబరులో మేవెదర్ ముందుకు వచ్చినప్పుడు హాటన్ 43 బౌట్ల అజేయుడు. కానీ తనది కాని 147లో ఆడి పదో రౌండులో పడిపోయాడు. 2009 మేలో పకియావో అతన్ని సొంత బరువు 140లోనే రెండో రౌండులో పడగొట్టాడు. ఒకరికి అజేయుడైన హాటన్ దొరికాడు, ఇంకొకరికి తన బరువులో ఉన్న హాటన్ దొరికాడు. ఇక్కడ ఇద్దరికీ చెరిసగం.

కోటోని పకియావో 2009లో 145 పౌండ్లకు దింపి ఓడించాడు. మేవెదర్ 2012లో అతనికి అనువైన 154లో ఆడి, ముక్కు నుంచి రక్తం కారేదాకా దెబ్బలు తిని మరీ గెలిచాడు. మోస్లీ 2010లో రెండో రౌండులో కుడిచేతి దెబ్బతో మేవెదర్ మోకాళ్లు వంగేలా చేశాడు. ఏడాది తర్వాత పకియావోకి దొరికిన 39 ఏళ్ల మోస్లీలో ఆ పస లేదు. ఈ రెండూ మేవెదర్ వైపే.

ఇక మార్క్వెజ్. 2009లో అతను 135 పౌండ్ల బాక్సర్. మేవెదర్ కోసం రెండు విభాగాలు ఎక్కి వచ్చాడు. పైగా ఒప్పుకున్న 144ను మేవెదరే రెండు పౌండ్లు దాటేసి, అందుకు డబ్బు కట్టాడు. పకియావో అదే మార్క్వెజ్‌తో నాలుగుసార్లు, మొత్తం 42 రౌండ్లు ఆడాడు. ఒకటి డ్రా, రెండు గెలుపులు. 2012లో నాలుగోసారి ఆరో రౌండులో నాకౌటయ్యాడు. ఆ ఓటమితో సహా, మార్క్వెజ్ విషయంలో గౌరవం పకియావోదే.

మీ తమ్ముడి మాట మార్క్వెజ్ దగ్గర నిలుస్తుంది, హాటన్ దగ్గర సగమే నిలుస్తుంది, మిగతా చోట్ల నిలవదు. అయితే పకియావో ఎనిమిది బరువు విభాగాల్లో టైటిళ్లు గెలవడం ఈ ఐదుగురి లెక్కకు అందేది కాదు.

ఆ ఇద్దరూ మంచి ఊపులో ఉన్నప్పుడే ఎందుకు తలపడలేదు? తప్పెవరిది?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

2010 మార్చిలో జరగాల్సిన బౌట్ అది. బౌట్‌కు ముందు ఎప్పుడంటే అప్పుడు రక్తపరీక్ష చేయాలని మేవెదర్ పక్షం పట్టుబట్టింది. బౌట్ దగ్గర పడ్డాక రక్తం ఇవ్వనని పకియావో పక్షం అంది. చర్చలు తెగిపోయాయి. తర్వాత ప్రమోటర్ల పంతాలు, టీవీ సంస్థల పోటీ అడ్డుపడ్డాయి. 2015 మే 2న లాస్ వేగాస్‌లో ఆడేనాటికి మేవెదర్‌కు 38, పకియావోకి 36 ఏళ్లు. పాయింట్ల మీద మేవెదర్ గెలుపు ఏకగ్రీవం. ఐదేళ్ల ముందు జరిగి ఉంటే ఆ గెలుపు విలువ ఇంకెంతో ఉండేది. నష్టం ఇద్దరిదీ, మనదీ.

రాకీ మార్సియానో 49 బౌట్లూ గెలిచాడు. అయినా "ముసలివాళ్లను కొట్టాడు" అని తీసిపారేస్తారు. న్యాయమేనా?
– ఓ రిటైర్డ్ వ్యాయామోపాధ్యాయుడు, గుంటూరు

కొంత న్యాయం, కొంత అన్యాయం. 1951లో అతని చేతిలో పడిన జో లూయీకి 37 ఏళ్లు. ఆ ఒక్క గెలుపునే పెద్దది చేసి చూపిస్తే చచ్చిన పామును కొట్టినట్టే. కానీ 1952లో జెర్సీ జో వాల్కాట్ సంగతి వేరు. వయసు 38 అయినా అప్పటికి ఛాంపియన్ అతనే. మొదటి రౌండులోనే మార్సియానోను కింద పడేశాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి మూడు స్కోరు కార్డుల్లోనూ ముందున్నాడు. పదమూడో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బ మొత్తం తిరగేసింది. వయసు చూసి ఆ గెలుపును చిన్నది చేయలేం.

లూయీ మీదా ఇలాంటి నిందే ఉంది. 25సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, అందులో నెలకొకడు చొప్పున అనామకుల్ని కొట్టాడని అప్పటి పత్రికలే ఎగతాళి చేశాయి. ఆ వరుసలోనే 1941 జూన్‌లో బిల్లీ కాన్ వచ్చాడు. లూయీ కంటే 25 పౌండ్లు తక్కువ తూగినవాడు, పన్నెండు రౌండ్ల తర్వాత ముగ్గురిలో ఇద్దరి లెక్కలో ముందున్నాడు! పదమూడో రౌండులో లూయీ నాకౌట్ చేశాడు. వరుసకు పేరు పెట్టి అందరినీ ఒకే గాటన కట్టకూడదనడానికి కాన్ ఒక్కడు చాలు.

'ఏ' అనే బాక్సర్ 'బి'ని కొట్టి, 'బి' 'సి'ని కొడితే, 'ఏ' 'సి' కంటే గొప్పే కదా?
– ఓ ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

కాదు. 1973లో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. 1974 మార్చిలో జార్జ్ ఫోర్‌మన్ అదే నార్టన్‌ను రెండు రౌండ్లలో ముగించాడు. అంతకుముందు, అలీని ఓడించిన జో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు పడేశాడు. మీ సూత్రం ప్రకారం అలీకి ఫోర్‌మన్ చేతిలో చావుదెబ్బ తగలాలి. కానీ 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఎనిమిదో రౌండులో పడింది ఫోర్‌మన్. తనవైపు నేరుగా వచ్చేవాళ్లను ఫోర్‌మన్ నలిపేసేవాడు. అలీ తాళ్లకు ఆనుకుని అతన్ని అలసిపోనిచ్చాడు. ఎవరి శైలికి ఎవరి శైలి సరిపడుతుందో కూడికలు చెప్పవు.

నిఖత్ జరీన్ పారిస్ ఒలింపిక్స్‌లో తొందరగా ఓడింది. అంటే ఆమె ప్రపంచ టైటిళ్లప్పుడు పోటీ లేనట్టేనా?
– ఓ పాఠకుడు, నిజామాబాద్

ఆ మాట సరికాదండీ. అమెచ్యూర్ బాక్సింగ్‌లో ప్రత్యర్థిని ఎంచుకునే వీలే లేదు, డ్రా ఎవరిని చూపిస్తే వాళ్లతో ఆడాలి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలు, 2023లో ఢిల్లీలో 50 కిలోలు. రెండు బరువుల్లో రెండు స్వర్ణాలు అలా వచ్చినవే. పారిస్‌లో నిఖత్‌కు సీడింగ్ లేకపోవడంతో ప్రీక్వార్టర్స్‌లోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వూ యూ ఎదురైంది. ఆ వూ యూనే చివరికి స్వర్ణం గెలిచింది. ఆమె ఫైనల్లో ఎదురై ఉంటే అదే ఓటమికి రజతం వచ్చేది. ఎవరి చేతిలో ఓడిందో చూడకుండా ఓటమిని తూచకండి.

రికార్డు చూసి ప్రత్యర్థి గట్టివాడో కాదో ఎలా తెలుసుకోవాలి? ఇప్పటివాళ్లలో ఎవరి జాబితా బాగుంది?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

గెలుపోటముల అంకెకన్నా ముందు నాలుగు విషయాలు చూడండి: ప్రత్యర్థి చివరి మూడు బౌట్లు, అతని సహజ బరువు, తయారీకి దొరికిన సమయం, ఆ బౌట్ తర్వాత అతనేం సాధించాడు. ఆండీ రూయిజ్‌నే తీసుకోండి. 2019 జూన్‌లో వేరొకరి బదులుగా చివర్లో వచ్చి, ఆంథోనీ జాషువాను నాలుగుసార్లు పడేసి టైటిల్ ఎగరేసుకుపోయాడు. డిసెంబరులో రీమ్యాచ్‌కు 15 పౌండ్లు పెరిగి వచ్చి తేలిపోయాడు. ఆర్నెల్లలో అదే మనిషి రెండు రకాల ప్రత్యర్థి.

ఇప్పటి జాబితాల్లో నన్నడిగితే ఒలెగ్జాండర్ ఉసిక్‌దే మేలు. బ్రెడిస్‌ను రిగాలో, గాసియెవ్‌ను మాస్కోలో, జాషువాను లండన్‌లో, అంటే వాళ్ల సొంత జనం మధ్య ఓడించాడు. జాషువా, ఫ్యూరీలకు రెండో అవకాశం ఇచ్చి మళ్లీ గెలిచాడు. ఫ్యూరీ 2024లో మొదటిసారి అతనితో ఆడేనాటికి అజేయుడు. మీ అభిమాన బాక్సర్ ఎవరైనా సరే, అతని జాబితాను ఈ కొలతతోనే చూడండి. ఎదుటివారి హీరోకు ఒక కొలత, మన హీరోకు ఒక కొలత పెడితే అది వాదన అనిపించుకోదు.