జీపీఎస్ స్పెక్ నుంచి గాదంకి రాడార్ దాకా: ఇంటర్ ఫిజిక్స్ చాప్టర్లు ఎక్కడ కలుస్తాయి?

ఫోన్ స్పెక్ షీట్‌లో "డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్" అనే లైన్ చూసే ఉంటారు. అది అర్థం కావాలంటే ఇంటర్ ఫిజిక్స్ చాలు, కానీ ఒక్క చాప్టర్ చాలదు. చాప్టర్‌కో ఫార్ములా లిస్ట్ బట్టీ పట్టేవాళ్లు ఎంట్రన్స్‌లో రెండు చాప్టర్లు కలిపిన ప్రశ్న రాగానే ఆగిపోయేది కూడా ఇక్కడే. ఆ లింకులు పట్టుకోవడానికి ముందు తిరుపతి దగ్గరున్న ఒక రాడార్‌ని చూద్దాం.

గాదంకి రాడార్

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 1024 యాగి యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ. ఇది ఆకాశంలోకి పల్స్ పంపి, వెనక్కొచ్చే ఎకోతో పైనున్న గాలి వేగం కొలుస్తుంది.

1. దూరం = వేగం × కాలం: ఎకో 100 మైక్రోసెకన్లకు వచ్చిందనుకోండి. కాంతి వేగంతో మొత్తం ప్రయాణం 30 కి.మీ. రానూపోనూ కాబట్టి సగం చేస్తే, ఎత్తు 15 కి.మీ.

2. రిఫ్రాక్టివ్ ఇండెక్స్: పైన గోడేమీ లేదు కదా, ఎకో ఎలా వస్తుంది? గాలి సుడులు తిరిగే చోట ఉష్ణోగ్రత, తేమ మారతాయి. దాంతో రిఫ్రాక్టివ్ ఇండెక్స్ కొద్దిగా మారి, వేవ్‌లో చాలా చిన్న భాగం వెనక్కి చెదురుతుంది.

3. ఇంటర్‌ఫియరెన్స్: యాంటెన్నాలు కదలవు, బీమ్ మాత్రం వంగుతుంది. ఒక్కో యాంటెన్నాకి ఫేజ్ కొద్దికొద్దిగా మార్చి ఇస్తే, వేవ్స్ అన్నీ ఒక ఏటవాలు దిశలో కలిసి బలపడతాయి. యంగ్ డబుల్ స్లిట్‌లో చదివే పాత్ డిఫరెన్స్ ఇదే. 5జీ టవర్ల బీమ్‌ఫార్మింగ్ కూడా ఇదే.

4. డాప్లర్: 53 మెగాహెర్ట్జ్‌కి వేవ్‌లెంగ్త్ 5.66 మీటర్లు. బీమ్ దిశలో గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో దగ్గరికొస్తే షిఫ్ట్ 2 × 10 ÷ 5.66, అంటే దాదాపు 3.5 హెర్ట్జ్. ఆ 2 ఎందుకు? వేవ్ గాలిని చేరేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి షిఫ్ట్ అవుతుంది.

ఇప్పుడు ఫోన్‌కి వద్దాం

జీపీఎస్‌లో కూడా మొదటి పాయింటే: కాలం కొలిచి దూరం లెక్కేయడం. కాకపోతే ఇక్కడ ఎకో లేదు, శాటిలైట్ నుంచి ఫోన్‌కి ఒకవైపు ప్రయాణమే. సిగ్నల్ 10 నానోసెకన్లు లేటైతే 3 మీటర్ల తప్పు వస్తుంది. ఆ లేటు ఎక్కువగా అయనోస్ఫియర్‌లోని ఫ్రీ ఎలక్ట్రాన్ల వల్లే. అక్కడ రిఫ్రాక్టివ్ ఇండెక్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. ప్రిజమ్‌లో రంగులు విడిపోయేదీ ఇలా ఫ్రీక్వెన్సీని బట్టి ఇండెక్స్ మారడం వల్లే.

అందుకే శాటిలైట్ రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ పంపుతుంది: ఎల్1 అంటే 1575.42, ఎల్5 అంటే 1176.45 మెగాహెర్ట్జ్. తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న ఎల్5 ఎక్కువ లేటవుతుంది. ఆ తేడా చూసి ఫోన్ అసలు లేటు ఎంతో లెక్కగట్టి తీసేస్తుంది. ఎల్1 ఒక్కటే ఉన్న ఫోన్‌కి ఈ ఛాన్స్ లేదు, అది అంచనా మోడల్ మీద ఆధారపడాలి.

రివిజన్ ఇలా ట్రై చేయండి

చాప్టర్ పేరు బదులు ఒక స్పెక్ రాసుకుని, దాని కింద చాప్టర్లు పేర్చండి. యాక్సిలరోమీటర్‌తో మొదలుపెట్టొచ్చు. అందులో చిన్న మాస్, స్ప్రింగ్‌లా వంగే సన్నటి సిలికాన్ పట్టీలు, కెపాసిటర్ ప్లేట్లు ఉంటాయి. న్యూటన్ రెండో నియమం, హుక్స్ లా, కెపాసిటెన్స్: ఫస్టియర్‌లో మొదలైన గొలుసు సెకండియర్‌లో పూర్తవుతుంది. మధ్యలో ఎక్కడ ఆగిపోయారో, ముందు చదవాల్సిన చాప్టర్ అదే.