పదిహేను సిట్టింగులు చాలవా?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అమ్మకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేసిండ్రు. ఇప్పుడు హైదరాబాద్‌లో పదిహేను సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెడతామంటున్నరు. మా బంధువు ఒకామెకు కొన్నేళ్ల కింద పాతికసార్లు పెట్టిండ్రు. ఆరోగ్యశ్రీ కార్డు మీద పోయినమని మాకు తగ్గిస్తున్నరా?
— పాఠకురాలు, రాయికోడ్

జవాబు: లేదమ్మా. సొంత డబ్బు కట్టి చేయించుకునేవారిలోనూ చాలామందికి ఇప్పుడు ఇదే లెక్క. బ్రిటన్‌లో 1999లో మొదలైన ‘స్టార్ట్-బి’ పరిశోధనలో 2,215 మంది మహిళలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఐదు వారాల్లో 25 సిట్టింగులు, మొత్తం 50 గ్రేలు. మరో జట్టుకు మూడు వారాల్లో 15 సిట్టింగులు, మొత్తం 40 గ్రేలు. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత. పదేళ్ల తర్వాత చూస్తే రొమ్ములోనో, ఆ చుట్టుపక్కలో జబ్బు తిరగబెట్టినవారు మొదటి జట్టులో 5.5 శాతం, రెండో జట్టులో 4.3 శాతం. అంటే తక్కువ సిట్టింగులతో నష్టమేమీ జరగలేదు.

కారణం ఉంది. పాత పద్ధతిలో సిట్టింగుకు 2 గ్రేలు ఇస్తే, ఇందులో 2.67 ఇస్తారు. రోజువారీ మోతాదు పెరిగినప్పుడు మొత్తం తగ్గినా కణం మీద దెబ్బ దాదాపు సమానంగానే పడుతుంది. 2020లో వెలువడిన ‘ఫాస్ట్-ఫార్వర్డ్’ ఫలితాలైతే కొందరికి వారంలో ఐదు సిట్టింగులూ సరిపోతాయని చూపాయి. ఎవరికి ఎన్ని అన్నది ఆపరేషన్, చంకలోని గడ్డల రిపోర్టు చూసి డాక్టరు తేలుస్తారు. కాబట్టి ‘మొత్తం ఎన్ని గ్రేలు? ఎన్ని వారాలు?’ అని అడగండి. పక్కింటివారితో సిట్టింగులు పోల్చుకోవద్దు.

ప్రశ్న: మా అత్తమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, మూడో దశ. కరెంటుతో పాటు వారానికోసారి కీమో ఇస్తున్నారు. బాగా నీరసించింది. పత్తి ఏరే రోజులు కూడా. వారం ఆగి పోవచ్చా? కీమో మానేసి కరెంటు ఒక్కటే పెట్టిస్తే చాలదా?
— పాఠకుడు, జహీరాబాద్

జవాబు: కీమో సంగతి మన దేశంలోనే తేల్చారు. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి మూడో దశ (3-బి)లో ఉన్న 850 మంది మహిళలపై చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో అయిదేళ్లకు 46 శాతం మంది, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా తీసుకున్నవారిలో 54 శాతం మంది బతికి ఉన్నారు. కిడ్నీలు, రక్తకణాలు తట్టుకోకపోతే ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, ఇంట్లో అనుకుని మానేయకండి.

వారం ఆగడం మాత్రం వద్దు. కలుపు సగంలో వదిలేస్తే మళ్లీ లేచినట్టు, మధ్యలో ఖాళీ వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు తిరిగి పెరుగుతాయి. లోపల పెట్టే రేడియేషన్‌తో సహా చికిత్స అంతా ఎనిమిది వారాల్లో ముగియాలి. ఒకటి రెండు రోజులు తప్పనిసరిగా పోతే వెంటనే చెప్పండి. శనివారమో, ఒకే రోజు ఆరు గంటల తేడాతో రెండుసార్లో ఇచ్చి సర్దే వీలుంటుంది. పత్తికి కూలీలను పెట్టుకోండి.

లోపలి రేడియేషన్, అంటే బ్రాకీథెరపీ, అనగానే ఆడవాళ్లు జంకుతారు. కానీ ఈ జబ్బులో దాన్ని వదిలేస్తే చికిత్స సగమే. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఈ విధానంలో పేరు తెచ్చుకుని, 2015లో పద్మశ్రీ అందుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు మన తెలుగువారే.

ప్రశ్న: కరెంటు పెట్టించుకుని వచ్చాక చిన్నపిల్లల్ని ఎత్తుకోవచ్చా?
— పాఠకురాలు, రాయికోడ్

జవాబు: నిశ్చింతగా ఎత్తుకోండి. యంత్రం ఆగగానే కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే లోపలి రేడియేషన్‌లో కూడా చాలాచోట్ల మూలకాన్ని కొద్ది నిమిషాల్లో బయటికి తీసేస్తారు. కానీ చర్మం మీద గీసిన గుర్తులు చెరపకండి. ఆ చోట పసుపు, నూనె, సున్నిపిండి రుద్దకండి, వదులుగా ఉండే నూలు బట్టలు కట్టండి. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆస్పత్రిలోనూ, పంజాగుట్ట నిమ్స్‌లోనూ రేడియేషన్ ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. కాగితాల పని ఆరోగ్యమిత్రను అడగండి, ఊళ్లో దళారులను కాదు.