రశీదులను సెల్‌ఫోనులో భద్రపరచుకొనుట

విత్తనములు, ఎరువులు, పురుగుమందులు కొన్నప్పుడు దుకాణదారు ఇచ్చు రశీదును మీరేమి చేయుచున్నారు? చాలమంది దానిని చొక్కా జేబులో వేసుకొని ఇంటికి వత్తురు. తరువాత అది చూరు సందున చేరును, లేదా చొక్కాతోపాటు ఉతుకులో పోవును. పంట బాగుగా పండినచో ఆ కాగితముతో పని యుండదు. పంట చెడినప్పుడే దాని విలువ తెలియును.

మిరప సంగతి చూతము. నారు పోసిన విత్తనములో కల్తీ యున్నచో, అది కాయ పట్టిన తరువాతగాని బయటపడదు. అప్పటికి కొన్ని మాసములు గడచిపోవును. ఒకే చేనిలో కొన్ని చెట్లకు పొడుగు కాయలు, కొన్నిటికి పొట్టి కాయలు కనబడి మీరు ఫిర్యాదు చేసినప్పుడు, అధికారి మొట్టమొదట అడుగునది రశీదునే.

రశీదు ఎందుకు వెలసిపోవును?

నేడు పెక్కు దుకాణములలో చిన్న యంత్రమునుండి వచ్చు నున్నని కాగితముపై రశీదు ఇచ్చుచున్నారు. ఇందులో సిరా లేదు. కాగితముపై పూసిన మందు వేడికి నల్లబడి అక్షరములేర్పడును. ఎండ, నూనె, కొన్ని రకముల ప్లాస్టిక్ సంచులు తగిలినచో ఆ అక్షరములు వెలసిపోవును. మిక్కిలి వేడి తగిలినచో కాగితమంతయు నల్లబడును. కావున కొన్ననాడే దాని ఫొటో తీసుకొనవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

విత్తనము కొన్న రైతు కూడ వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములలోని రైతులు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వారే. రైతు కొన్న విత్తనమంతయు విత్తుకొనును గాని, పరీక్షకొరకు నమూనా దాచి యుంచునని ఆశింపరాదని కూడ కోర్టు గ్రహించినది. విత్తనము భూమిలో కలిసిపోయిన తరువాత, దానిని ఎవరి వద్ద, ఎన్నడు కొన్నదియు తెల్పునది రశీదే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ఫిర్యాదుకు కారణమేర్పడిన నాటినుండి 2 సంవత్సరములలోగా కమిషన్‌కు ఫిర్యాదు చేయవలెను. అంతకాలము రశీదు చదువుటకు వీలుగా నుండవలెను గదా!

ఫొటో తీయు విధము

1. దుకాణము వదలకముందే రశీదు చదువుకొనవలెను. దుకాణము పేరు, లైసెన్సు నంబరు, మీ పేరు, తేదీ, రకము, లాట్ లేక బ్యాచ్ నంబరు, పరిమాణము, వెల ఉన్నవో లేవో చూచుకొనవలెను. లాట్ నంబరు లేనిచో అక్కడనే వ్రాయించుకొనవలెను.

2. రశీదును బల్లపై చదునుగా పరచి, నీడ పడకుండ, నాలుగు మూలలు కనబడునట్లు నిలువుగా పైనుండి తీయవలెను. తీసిన ఫొటోను పెద్దదిగా చేసి లాట్ నంబరు చదివి చూడవలెను. చదువరానిచో మరల తీయవలెను.

3. విత్తన సంచిపైనున్న చీటీకి, సంచి ముందువెనుకలకు కూడ ఫొటోలు తీయవలెను.

తిరిగి దొరకునట్లు పేరు పెట్టుట

పెండ్లి ఫొటోలు, పండుగ ఫొటోలు వేలకొలది యున్నచోట ఒక రశీదును వెదకుట గడ్డివాములో సూదిని వెదకుటయే. కావున ఫోనులో “రశీదులు” అను ప్రత్యేకమైన అరను ఏర్పరచి, ప్రతి ఫొటోకు “2025-06-18 మిరప విత్తనం” అను రీతిగా పేరు పెట్టవలెను. సంవత్సరము, నెల, తేదీ ఈ వరుసలో వ్రాసినచో, పేర్ల వరుసన చూచినప్పుడు అవి కాలక్రమములో నిలుచును. పేరు మార్చుట రానివారు చిన్న చీటీపై పంట, చేను పేరు వ్రాసి, దానిని రశీదు ప్రక్కన పెట్టి ఫొటో తీసినను చాలును.

రెండవచోట దాచుట

ఫోను బావిలో పడవచ్చును, బస్సులో పోవచ్చును. ఒక్క ఫోనులోనే యున్న ఫొటో దానితోనే పోవును. కేంద్రప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకర్‌లోగాని, గూగుల్ ఫొటోస్ వంటి యాప్‌లోగాని రెండవ ప్రతి ఉంచవలెను. గూగుల్ ఫొటోస్ విషయములో ఒక హెచ్చరిక: ఫోనులో చోటు చాలలేదని ఆ యాప్‌లో ఫొటోను తొలగించినచో, దాచిన ప్రతి కూడ పోవును. అట్లు తొలగించినది చెత్తబుట్టలో 60 దినములు మాత్రమే యుండును. వాట్సాప్‌లో ఇంటివారికి పంపునప్పుడు ఫొటోగా గాక డాక్యుమెంటుగా పంపినచో అక్షరములు మసకబారవు.

ఇతరుల చేతిలో పడకుండుటకు

ఫోనుకు తాళము పెట్టవలెను. ఖాతా పాస్‌వర్డ్ మరచినచో తిరిగి పొందుటకు మీ నంబరుతోపాటు ఇంటిలో మరొకరి నంబరును కూడ ఇచ్చి యుంచవలెను. ఫోను పోయినచో మీ నంబరుకు వచ్చు ఓటీపీ కూడ దానితోనే పోవును గదా! ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. పథకముల పేరుతో వాట్సాప్‌లో వచ్చు యాప్‌లను ఫోనులో చేర్చరాదు. మోసపోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను.

కాగితమును పారవేయరాదు

ఫొటో ఉన్నదని అసలు రశీదును పారవేయరాదు. ఫొటోను సాక్ష్యముగా చూపునప్పుడు, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము ధ్రువపత్రము జతచేయవలసి యుండును. అసలు ఉన్నచో ఈ చిక్కు తగ్గును. రశీదును కాగితపు కవరులో పెట్టి, ఎండ, వేడి తగలనిచోట, విత్తన సంచి చీటీతోపాటు ఉంచవలెను.

గ్రామములో పనిచేయు వ్యవసాయ సిబ్బంది విత్తనముల కాలములో రైతులను ఒకచోట చేర్చి, ప్రతివారిచేత ఒక రశీదు ఫొటో తీయించి, పేరు పెట్టించి, మరల వెదకించి చూడవలెను. అడిగిన నిమిషములో రశీదు చూపగలిగిన రైతే దానిని నిజముగా భద్రపరచుకొన్నవాడు. ఈ సాయంత్రమే మీ జేబులోని రశీదుతో ఈ పని మొదలిడుడు.