ఇంటిపనిలోని ఆనందము

“ఇంటిని చూచి ఇల్లాలిని చూడుము” అని మనలో ఒక సామెత కలదు. వాకిటి ముగ్గును, గడపకు పూసిన పసుపును, వంటయింటి శుభ్రతను చూచి ఆ యింటి ఇల్లాలు ఎట్టిదో పెద్దలు నిర్ణయించుచుండెడివారు. సామెతలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఇందు ఒక సందేహము కలుగక మానదు. ఇంటిలో తండ్రి యుండును. తాత, నాయనమ్మ యుందురు. అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును ఉందురు. ఇల్లు ఇందరిది యైనపుడు దాని మంచిచెడ్డలు ఒక్క ఇల్లాలికే చెందుట యేల? ఇంటిపని వట్టి శ్రమయేనా? అందు ఆనందము కూడ కలదా? కలదేని అది ఎవరికి దక్కుచున్నది? ఈ పాఠమున ఈ ప్రశ్నలను విచారింతము.

మొదట వంటయింటిని చూతము. రొట్టె కాల్చుట యనగానే నేడు పలువురకు బజారులోని బేకరీ స్ఫురించును. కాని పిండికి క్రిందను మీదను సెగ చూపి కాల్చు నేర్పు మన యిండ్లలో చిరకాలముగా నున్నది. కోస్తా జిల్లాలలో మినపరొట్టె చేయుదురు. దానినే దిబ్బరొట్టె యనియు అందురు. నానబెట్టిన మినపపప్పును మెత్తగా రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, నూనె రాచిన దళసరి మూకుటిలో మందముగా పోసి, మూతపెట్టి, సన్నని సెగపై నుంచుదురు. కట్టెల పొయ్యిలు వాడుకలోనున్న దినములలో మూతమీద కూడ నిప్పులు వేయుచుండిరి. రుబ్బునపుడు పిండిలో చేరిన గాలి వేడికి వ్యాకోచించి రొట్టెను పొంగించును. అందువలన పైపెచ్చు ఎఱ్ఱగా కరకరలాడును. లోపలి భాగము దూదివలె మెత్తగా నుండును. సెగ హెచ్చినచో అడుగు మాడును, నడుమ పచ్చిగా నుండును. కావున తొందరపడువారికి ఈ రొట్టె దక్కదు.

తెలంగాణమున సర్వపిండి యను మరియొక రొట్టె ప్రసిద్ధము. బియ్యపు పిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము, ఉప్పు, కరివేపాకు చేర్చి, నీటితో ముద్దగా కలిపి, లోతైన గిన్నె లోపలి వైపున పలుచగా తట్టుదురు. తరువాత వ్రేలితో అక్కడక్కడ రంధ్రములు చేసి, వానిలో నూనె చుక్కలు విడుతురు. ఆ రంధ్రములు అలంకారము కొరకు కావు. వాని ద్వారా నూనె పిండి క్రిందికి దిగి రొట్టెను గిన్నెకు అంటుకొననీయదు. లోపలి ఆవిరి వెలికి పోవుటకును దారి యేర్పడును. ఒక వాయి దిగిన పిదప గిన్నెను చల్లార్చిన గాని రెండవ వాయి తట్టుటకు వీలులేదు. ఆ విరామమున పొయ్యిచుట్టు చేరిన పిల్లలు తొలి రొట్టెను తుంచి పంచుకొందురు. కథలును, కబుర్లును, పరిహాసములును అప్పుడే సాగును. వంటకమునకు రుచి నిచ్చు వస్తువులలో ఈ వేచియుండుట కూడ ఒకటి.

ఇక వేసవికాలపు ఆవకాయ సంగతి చూడుడు. అది ఒకరి చేతితో అగు పని కాదు. పుల్లనివియు, కండగలవియు, టెంక ముదిరినవియు నగు కాయలను ఏరి తెచ్చువారొకరు. వానిని కడిగి తడి లేకుండ తుడుచువారొకరు. టెంకతో కూడ ముక్కలు కొట్టువారొకరు. లోపలి జీడిని తీసి, టెంకకు అంటియున్న పలుచని పొరను ఒలుచుట తరచుగా పిల్లల వంతు. పిమ్మట ఆవపిండి, కారము, ఉప్పు, మెంతులు, నువ్వులనూనె కలిపి ముక్కలకు పట్టించి జాడీలో నింపి వాసెన కట్టుదురు. మూడవనాడు జాడీని విప్పి, తిరుగ కలిపి, ఉప్పు సరిచూచి, నూనె చాలకున్నచో మరికొంత పోయుదురు.

ఈ మూడు దినములలో జాడీలో జరుగునదేమి? ఉప్పు మామిడిముక్కలలోని నీటిని వెలికి లాగును. అదియే ఊట. ఉప్పును పులుపును చేరినచోట ఆహారమును చెడగొట్టు సూక్ష్మజీవులు పెరుగజాలవు. పైకి తేలిన నూనె గాలిని ముక్కలకు తగులనీయక అడ్డగించును. జాడీలో తడి గరిటె పెట్టినచో ఆ నీరు ఉప్పును పలుచన చేయును. బూజు పట్టుటకు చోటిచ్చును. “తడిచేయి పెట్టకురా!” అను అమ్మమ్మ గద్దింపులో ఇంత శాస్త్రము ఇమిడియున్నది. ఆమె దానిని పుస్తకమున చదువలేదు. తన తల్లి ప్రక్కన నిలిచి నేర్చెను. ఆమె ప్రక్కన నిలుచువారు లేనినాడు ఆ నేర్పు ఆమెతోనే పోవును. ఇంటి విద్యలకు గల గొప్ప అపాయము ఇదియే.

వంటయింటినుండి వాకిటికి వత్తము. ముగ్గు వేయుట తేలిక పనియని చూచువారు తలంతురు. చేతబట్టి చూచిన గాని అందలి గణితము తెలియదు. వరుసకు ఎన్ని చుక్కలు పెట్టవలెను, ఎక్కడినుండి తగ్గించుకొని రావలెను అను లెక్క ముందుగా మనసులో నుండవలెను. ఒక్క చుక్క తప్పినను గీత వచ్చి మొదటి చోటికి కలియదు. కుడివైపున వంపు ఎంతయో ఎడమవైపునను అంతయే ఉండవలెను. బియ్యపు పిండితో వేసిన ముగ్గు చీమలకును, పిచ్చుకలకును ఆహారమగును. తెల్లవారునప్పటికి చెరిగిపోవు చిత్రమును మరల మరల సంతోషముతో గీయుట మన గృహిణుల కళ.

తెలంగాణపు బతుకమ్మను పేర్చుటలో ఇంటిల్లిపాదికి పాలుండును. తొమ్మిది దినములు జరుగు ఈ పూల పండుగను 2014లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర పండుగగా ప్రకటించినది. మగపిల్లలు చేలగట్లకును, చెరువుగట్లకును పోయి తంగేడు, గునుగు, కట్ల పూలను కోసి తెత్తురు. గునుగు పూలను కట్టలు కట్టి, కొసలకు రంగులద్దుట ఒకరి పని. తాంబాళమున ఆకులు పరచి, పూలను గుండ్రముగా వరుసపై వరుస పేర్చి, నడుమనున్న ఖాళీని ఆకులతోను తొడిమలతోను కూరుట అనుభవముగల చేతుల పని. నడుమ గట్టిగా నిండనిచో ఎంత అందముగా పేర్చిన బతుకమ్మయైనను ఒరిగిపోవును.

పండుగలు లేని దినములలో కూడ చేతికి పని కలదు. పాత చీరలను పొరలుగా పరచి, దగ్గరదగ్గరగా కుట్లు వేసి బొంత కుట్టుట మన పల్లెలలో పరిపాటి. అందు వ్యయము స్వల్పము, వెచ్చదనము అధికము. ఈ ముక్క పెద్దమ్మ పెండ్లి చీరది, ఆ ముక్క తాత పంచెది యని పిల్లలు చేతితో తడిమి చెప్పుకొందురు. ఇట్టి బొంత కప్పుకొని నిద్రించు బాలునకు తన వంశచరిత్ర వేరుగా చెప్పనక్కరలేదు.

పుస్తకపఠనము కూడ గృహసౌఖ్యములలో ఒకటి. చింతపండులో గింజలు తీయునపుడును, పప్పులో రాళ్ళు ఏరునపుడును చేతులకే పని. చెవులు ఖాళీగా నుండును. ఆ సమయమున ఒకరు పుస్తకము పట్టి బిగ్గరగా చదువగా తక్కినవారు వినుట పూర్వము పెక్కు ఇండ్లలో నుండెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ప్రారంభించిన ‘బాల’, 1947లో వెలువడిన ‘చందమామ’ వంటి పత్రికలు ఇట్లే ఒక ప్రతి యింటికి వచ్చినచో పదిమంది చెవులకు చేరుచుండెను. ఆ పత్రికలు ఇప్పుడు వెలువడుట లేదు. కాని బిగ్గరగా చదువుటకు పుస్తకములకు కొదువ లేదు.

ఇంటిలోని చదువు ఎంతటి ఫలమునిచ్చునో భండారు అచ్చమాంబ జీవితము తెలుపుచున్నది. ఆమె 1874లో జన్మించెను. బాల్యముననే వివాహమైనది, బడికి పోవు అవకాశము లేకపోయెను. ఆమె తమ్ముడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు అక్కయింట నుండి చదువుకొనుచుండెను. అతడు పాఠములు చదువునపుడు ఆమె దగ్గర కూర్చుండి తానును అక్షరములు నేర్చెను. తెలుగు, హిందీలతో ఆరంభించి మరికొన్ని భాషలను అభ్యసించెను. భారత స్త్రీల చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను గ్రంథమును రచించెను. 1902లో వెలువడిన ఆమె ‘ధన త్రయోదశి’ తెలుగులోని తొలి కథలలో ఒకటి. 1905లో, చిన్నవయసుననే ఆమె మరణించెను. తమ్ముడు తన పుస్తకము ముందు అక్కకు చోటీయకున్నచో ఈ రచనలు మనకు లభించియుండెడివి కావు.

ఇంతవరకు ఆనందమును గూర్చి చెప్పుకొంటిమి. ఇపుడు శ్రమను గూర్చి చెప్పవలెను. ఒకరి ఆనందము మరియొకరి అలసటపై నిలిచినచో అది నిజమైన ఆనందము కాజాలదు. 2019లో భారత ప్రభుత్వము జనులు కాలమును ఎట్లు గడుపుచున్నారో తెలిసికొనుటకు ఒక సర్వే జరిపినది. అందు ఆరేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 81 మంది ప్రతిదినము జీతము లేని ఇంటిపని చేయుచుండగా, పురుషులలో నూటికి 26 మంది మాత్రమే చేయుచుండిరి. చేయువారిలోనైనను స్త్రీకి సగటున 299 నిమిషములు, పురుషునకు 97 నిమిషములు పట్టుచుండెను. అనగా ఒకరికి దాదాపు ఐదు గంటలు, మరియొకరికి గంటన్నరకు కొంచెము పైన.

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము ప్రాంతపు స్త్రీలు కొక్కెపు సూదితో అల్లు లేసు దేశదేశములలో పేరుగాంచినది. ఆ అల్లిక చూడ ముచ్చటగా నుండును. కాని మరియా మీస్ అను జర్మనీ దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు అచ్చటి స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. దినమునకు అనేక గంటలు అల్లువారి శ్రమను లోకము “తీరికవేళ పని”యని పిలుచుచుండెననియు, ఆ పేరు చెప్పి వారికి స్వల్పమైన కూలి ఇచ్చుచుండిరనియు ఆమె వివరించెను. తీరిక యనునది నిజముగా ఉన్నపుడే చేతిపని వినోదమగును. తీరిక లేనివారి పనికి ఆ పేరు పెట్టుట అన్యాయము.

కావున బాలబాలికలారా! ఇంటిపనిలోని ఆనందమును కోరుదురేని దానిలోని శ్రమలోను భాగము తీసికొనుడు. వారమునకు ఒక పనిని ఎన్నుకొని మొదటినుండి చివరివరకు మీరే చేయుడు. రొట్టె కాల్చుట యన్నచో పిండి రుబ్బుటయు, పొయ్యి దగ్గర కనిపెట్టి యుండుటయు, అందరికి పెట్టుటయు, తుదకు మూకుడు తోముటయు అందులోనివే. మూకుడు తోమక విడిచినవాడు రొట్టె చేసితినని చెప్పుకొనరాదు. ఇది ఆడపిల్లల పని, ఇది మగపిల్లల పని యను భేదము పాటింపకుడు. మూకుటికి ఆ భేదము తెలియదు. అమ్మమ్మ వద్ద కూర్చుండి ఆవకాయ కొలతలను అడిగి వ్రాసికొనుడు. చిటికెడు, దోసెడు అని ఆమె చెప్పినచో, ఆ దోసిలిని కొలిచి వ్రాసికొనుడు. అమ్మ పని ముగించి కూర్చున్నపుడు మీరు ఒక కథ చదివి వినిపింపుడు. ఆమె చదువగోరినచో పుస్తకము ఆమె చేతికిచ్చి, మిగిలిన పని మీరు చూచుకొనుడు.

ఇట్లు జరిగిననాడు మన సామెతను కొంచెము సవరింపవచ్చును: “ఇంటిని చూచి ఇంటివారిని చూడుము.”

ప్రశ్నలు

1. మినపరొట్టెను సన్నని సెగపై కాల్చుట యేల? సర్వపిండికి రంధ్రములు చేయుట వలన ప్రయోజనమేమి?
2. ఆవకాయ జాడీలో తడి గరిటె ఎందులకు పెట్టరాదు?
3. భండారు అచ్చమాంబ విద్య నేర్చిన విధమును మీ మాటలలో వ్రాయుడు.
4. “తీరికవేళ పని” యను పేరు నరసాపురపు స్త్రీలకు ఎట్లు నష్టము కలిగించినది?
5. మీ యింటిలో ఎవరెవరు ఏయే పనులు చేయుచున్నారో ఒక దినమంతయు గమనించి పట్టిక వ్రాయుడు. అందు మీ వంతు ఎంత?